ఇంటర్ విద్యార్థుల ఒత్తిడిపై పరిశోధన: 'తట్టుకుని నిలబడటం' అనేదాన్ని తెలుగులో ఎలా అడగాలి, ఎలా కొలవాలి?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను గుంటూరు ప్రాంతంలో ఎమ్మెస్సీ నర్సింగ్ పూర్తి చేసి, ప్రస్తుతం సామాజిక ఆరోగ్య నర్సింగ్‌లో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్లలకు ఆరు వారాల పాటు ఆరోగ్య విద్య అందించి, దానివల్ల వారి ఒత్తిడి తగ్గుతుందా, కష్టకాలంలో తట్టుకుని నిలబడే శక్తి పెరుగుతుందా అని పరిశీలించాలన్నది నా ఆలోచన.

ఈ అంశం నేను ఎందుకు ఎంచుకున్నానో ముందుగా చెప్పాలి. నా ఎమ్మెస్సీ సిద్ధాంత వ్యాసం కూడా ఒత్తిడి గురించే. అందరూ చేసే పద్ధతిలోనే ముందు ఒక పరీక్ష పెట్టి, ముప్పావు గంట పాఠం చెప్పి, వారం తర్వాత అదే పరీక్ష మళ్లీ పెట్టాను. సగటు మార్కులు పెరిగాయి, గణాంకపరంగా తేడా నిలబడింది, పట్టా వచ్చింది. అయితే ఆ రెండో పరీక్షలో దాదాపు అన్ని ప్రశ్నలకూ సరైన సమాధానాలు రాసిన ఒక అమ్మాయి, నెల తిరగకముందే, వారాంతపు పరీక్షకు ముందు ఊపిరి అందక వణికిపోతూ హాస్టల్ గదిలో కూర్చుండిపోయిందని వార్డెన్ ద్వారా తెలిసింది. ఒత్తిడి లక్షణాలు ఏమిటో ఆ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు. ఆమెకు తెలియనిదేదో నేను చెప్పలేదన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందుకే ఈసారి జ్ఞానాన్ని కాక, అనుభవాన్ని కొలవాలనుకుంటున్నాను. ఒత్తిడికి కోహెన్ బృందం రూపొందించిన పది ప్రశ్నల కొలమానాన్నీ, తట్టుకునే శక్తికి స్మిత్ బృందం 2008లో ప్రచురించిన ఆరు ప్రశ్నల కొలమానాన్నీ అనుకున్నాను. వీటిని తెలుగులోకి ఎలా తేవాలి, పరిశోధనను ఎలా నిర్మించాలి, పాఠాలు నేనే చెప్పాలా లేక అధ్యాపకులకు శిక్షణ ఇచ్చి వారిచేత చెప్పించాలా అన్న విషయాలపై అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

తంగేడుపువ్వు (మనస్తత్వశాస్త్ర పరిశోధకురాలు, హైదరాబాద్)

కృష్ణాతీరం గారూ, మీ మొదటి ప్రశ్నతోనే ఆగిపోతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మన విశ్వవిద్యాలయాల్లో 'రెజిలియెన్స్' (మీరు అంటున్న తట్టుకుని నిలబడే శక్తి) అన్న మాటకు 'స్థితిస్థాపకత' అని రాసేస్తున్నారు. మీ పరిశోధనలో పాల్గొనే ఎంపీసీ పిల్లలు సరిగ్గా అదే సంవత్సరం భౌతికశాస్త్రంలో స్థితిస్థాపకత పాఠం చదువుతారు. తీగను లాగడం, వదలడం, అది పూర్వపు ఆకారానికి రావడం, హద్దు దాటితే తెగిపోవడం వారికి కంఠతా వచ్చు. 'స్ట్రెస్' అన్న మాటకు కూడా ఆ పుస్తకంలో 'ప్రతిబలం' అని పేరు. ఈ మాటలు శాస్త్రంలో ఎంత కచ్చితమైనవైనా, ఇంటి మీద బెంగతో అన్నం సహించని పదహారేళ్ల పిల్లవాడిని పలకరించడానికి పనికిరావు. కష్టం దాటిన మనిషి తీగలా పాత ఆకారానికి తిరిగి రాడు కూడా. ఎంతో కొంత మారే వస్తాడు.

మరి ఏ మాట వాడాలి? 'ఓర్పు' అంటే సహించడం. 'సహనం' అంటే కోపం తెచ్చుకోకపోవడం. 'గుండె నిబ్బరం' అంటే ఆపద సమయంలో చెదరకపోవడం. 'తేరుకోవడం' అంటే దెబ్బ తగిలాక మళ్లీ మామూలు కావడం. 'నిలదొక్కుకోవడం' అంటే తూలిన కాలు మళ్లీ ఊనుకోవడం. ఈ ఐదింటిలో ఏది వాడితే మీరు కొలిచే విషయం అదే అవుతుంది. మన ఇళ్లలో ఆడపిల్లలకు చిన్నప్పటినుంచి ఓర్చుకోవడం నేర్పుతారు కాబట్టి, ప్రశ్నలో ఓర్పు అన్న ఛాయ ఏమాత్రం ఉన్నా, ఎక్కువ మౌనంగా బాధపడే అమ్మాయికే ఎక్కువ మార్కులు వస్తాయి. స్మిత్ గారి కొలమానం ప్రధానంగా అడిగేది తేరుకోవడం గురించి. అందువల్ల నా ఓటు 'తేరుకోవడం'కే.

అనువాద పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, రెండింటినీ కలిపి ఒక ప్రతి తయారు చేయాలి, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషు చేయాలి, నిపుణుల బృందం పోల్చి చూడాలి. అంతవరకు అందరూ చేస్తారు. చాలామంది వదిలేసేది ఆ తర్వాతి మెట్టు. పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ప్రశ్న చదివించి, 'నీకు ఏమి అర్థమైంది, నీ మాటల్లో చెప్పు' అని అడగాలి. కోహెన్ కొలమానంలో 4, 5, 7, 8 ప్రశ్నలు అనుకూల వాక్యాలు. మార్కులు వేసేటప్పుడు వాటిని తిరగవేయాలి, అంటే ఎక్కువసార్లు అన్నవారికి తక్కువ ఒత్తిడి మార్కు వేయాలి. తెలుగులో వీటి దగ్గరే పిల్లలు తడబడతారు. పనులు తమ పట్టులో ఉన్నాయని ఎంత తరచుగా అనిపించిందన్న ప్రశ్నను పుస్తక భాషలో పెట్టారంటే, వారు దాన్ని చదువు సిలబస్ పూర్తయిందా అన్న ప్రశ్నగా చదువుకుంటారు. అలాగే 'ఒత్తిడి' అన్న మాట పత్రికల్లో ఎంత కనిపించినా, పిల్లల నోట వినిపించేది 'టెన్షన్'. 'చదివింది బుర్రకెక్కడం లేదు', 'గుండె దడగా ఉంది', 'ఏదోలా ఉంది' అంటారు. ప్రశ్నావళిలో 'ఒత్తిడి (టెన్షన్)' అని రాయడానికి సంకోచించకండి.

ఓరుగల్లు లెక్కలు (గణాంకశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మా, మీ ఎమ్మెస్సీ వ్యాసం గురించి మీరు రాసిన తీరు చూసి ముచ్చటేసింది. తన పాత పనిలో లోటు చూడగలిగినవారికే కొత్త పని సాధ్యమవుతుంది. నేను నిర్మాణం గురించి మాట్లాడతాను.

పోలిక బృందం లేకుండా ముందు పరీక్ష, తర్వాత పరీక్ష పెట్టే పద్ధతిని దయచేసి వదిలేయండి. మీరు ఏ పాఠమూ చెప్పకపోయినా మార్కులు మారడానికి కనీసం రెండు కారణాలున్నాయి. మొదటిది కాలం. పరీక్షలు దగ్గరపడిన ఫిబ్రవరిలో కొలిచి, మార్చి పరీక్షలు ముగిశాక మళ్లీ కొలిస్తే ఒత్తిడి తగ్గకుండా ఎలా ఉంటుంది? అది పరీక్షలు అయిపోయినందువల్ల కలిగిన ఉపశమనమే కాని మీ ఆరోగ్య విద్య ఫలితం కాదు. రెండోది సగటు వైపు మళ్లడం. ఎక్కువ ఒత్తిడి మార్కులు వచ్చినవారినే ఏరి పాఠం చెబితే, వారిలో కొందరు ఆ రోజు ఏదో కారణంగా మరీ కలతగా ఉన్నవారై ఉంటారు. మరోసారి కొలిచినప్పుడు వారి మార్కు దానంతటదే కొంత దిగుతుంది.

ఒక కళాశాలలో పాఠం చెప్పి, మరొక కళాశాలను పోలికగా పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అప్పుడు మీ దగ్గర ఉన్నవి రెండు కళాశాలలే. ఒకచోట ప్రిన్సిపాల్ మారినా, మెస్సులో తిండి బాగుపడినా ఆ ఘనత మీ పాఠం ఖాతాలో పడుతుంది. అందుకే సెక్షన్లనో, కళాశాలలనో గుంపులుగా తీసుకుని, ఏ గుంపు ఏ పక్షమన్నది లాటరీతో తేల్చాలి.

గుంపులుగా తీసుకుంటే లెక్క మారుతుంది. ఒకే సెక్షన్ పిల్లలు ఒకే అధ్యాపకుల చేతిలో, ఒకే కాలపట్టికలో ఉంటారు కాబట్టి వారి సమాధానాలు కొంతవరకు ఒకేలా ఉంటాయి. సెక్షన్‌కు 40 మంది చొప్పున 10 సెక్షన్లు, అంటే 400 మందిని తీసుకున్నారనుకోండి. ఒకే సెక్షన్ పిల్లల సమాధానాలు ఎంతవరకు కలుస్తాయో చెప్పే అంకె 0.05 అనుకుంటే, దానివల్ల ఎన్ని రెట్లు ఎక్కువ మంది కావాలో చెప్పే పెంపు గుణకం 1 + 39 × 0.05, అంటే 2.95 అవుతుంది. మీ 400 మంది, విడివిడిగా ఎంపిక చేసిన సుమారు 136 మందితో సమానం. ఈ గుణకం వేయకుండా, రెండు పక్షాల సగటులను పోల్చే మామూలు టి-పరీక్ష చేస్తే, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. పది సెక్షన్లు కూడా తక్కువే. సెక్షన్‌లో పిల్లల సంఖ్య పెంచడం కంటే సెక్షన్ల సంఖ్య పెంచడం వల్లనే మీ పరిశోధనకు బలం వస్తుంది.

ఇంకొక మాట. మొదటి విద్యార్థిని చేర్చుకోవడానికి ముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో (మనుషులపై జరిపే ప్రయోగ పరిశోధనల నమోదు పట్టికలో) నమోదు చేయండి. అది మందుల పరిశోధనలకే కాదు, ఇలాంటి వాటికీ వర్తిస్తుంది, రుసుము లేదు. ఏ ఫలితాన్ని ప్రధానంగా చూస్తారో అక్కడ రాసేస్తే, తర్వాత అనుకూలంగా వచ్చిన దాన్ని ప్రధానమని చెప్పుకునే ఆకర్షణ ఉండదు.

కొండపల్లి (జూనియర్ కళాశాల అధ్యాపకుడు)

నేను పరిశోధకుడిని కాను; తరగతి గదిలో ఉండే మనిషిగా రెండు సంగతులు చెబుతాను.

మీకు సమయం ఇస్తామని యాజమాన్యం ఒప్పుకున్నా, ఆ సమయం ఎక్కడినుంచి తీసి ఇస్తుందో గమనించండి. స్టడీ అవర్‌ను కదిలించరు. ఆటల పిరియడ్ ఉన్నచోట దాన్నే ఇస్తారు. లేనిచోట ఆదివారం ఔటింగ్‌కు ముందు గంటో, రాత్రి భోజనం తర్వాతి గంటో ఇస్తారు. పిల్లలకు ఉన్న ఒక్క ఖాళీ గంటను తీసుకుని, అందులో విశ్రాంతి ఎలా తీసుకోవాలో వారికి పాఠం చెప్పడం ఎంత విపరీతమో ఆలోచించండి. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని మీ పాఠంలో తప్పకుండా ఉంటుంది. రాత్రి పదిన్నరకు లైట్లు ఆపి, తెల్లవారుజామున ఐదింటికి గంట కొట్టేచోట ఆ వాక్యం చదివితే పిల్లలు మీ ముఖం వైపు చూస్తారు. ఆ చూపుకు మీ దగ్గర సమాధానం ఉండాలి.

రెండోది, ప్రశ్నావళి నింపేటప్పుడు మాలాంటి వారెవరూ గదిలో ఉండకూడదు. కాగితాలు మేము పంచి, మేమే పోగు చేస్తే, పిల్లలు దాన్ని మరొక పరీక్షగానే చూస్తారు. సెక్షన్‌కు చెడ్డపేరు రాకూడదని కొందరు, ఇంట్లో తెలుస్తుందన్న భయంతో మరికొందరు అన్నీ బాగున్నాయనే రాస్తారు.

సాగరతీరం (సామాజిక వైద్యశాస్త్ర పీజీ వైద్యుడు, విశాఖపట్నం)

పాఠాలు ఎవరు చెప్పాలన్న మీ మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. దీనిపై మన దేశంలోనే ఒక గొప్ప పరిశోధన జరిగింది. బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను మూడు పక్షాలుగా లాటరీ వేసి పంచారు. దాని పేరు సెహర్; ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఒక పక్షంలో పూర్తికాలం ఇదే పనికి నియమించిన, వృత్తి శిక్షణ లేని స్థానిక సలహాదారు కార్యక్రమాన్ని నడిపారు. మరొక పక్షంలో అదే కార్యక్రమాన్ని ఆ బడి ఉపాధ్యాయులే నడిపారు. మూడో పక్షంలో మామూలు జీవన నైపుణ్యాల పాఠాలు మాత్రమే. సలహాదారు నడిపిన బడుల్లో పాఠశాల వాతావరణం మెరుగుపడింది. కుంగుబాటు, తోటి పిల్లల వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో మాత్రం మూడో పక్షంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఆ కార్యక్రమంలో ఏమున్నదో కూడా చూడండి. శ్వాస అభ్యాసం ప్రధానం కాదు. పిల్లలు పేరు రాయకుండా తమ ఇబ్బందులు వేయడానికి ఒక పెట్టె, గోడపత్రిక, ప్రార్థన సమావేశంలో మాటలు, తోటి పిల్లల బృందాలు, విడిగా మాట్లాడుకునే అవకాశం ఉన్నాయి. అంటే పిల్లవాడి మనసుతో పాటు బడిని కూడా కదిలించారు. దీనికి భిన్నంగా బ్రిటన్‌లో మిరియడ్ అనే పరిశోధన 85 పాఠశాలల్లో, ఎనిమిది వేలకు పైగా పిల్లలతో జరిగింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు తరగతిలో మైండ్‌ఫుల్‌నెస్ (ప్రస్తుత క్షణం మీద ధ్యాస నిలపడం) పాఠాలు చెప్పారు. మామూలుగా బడిలో జరిగే సామాజిక, భావోద్వేగ బోధన కంటే అది మెరుగని 2022లో వెలువడిన ఫలితాలు చూపలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, 'అందరికీ ఒకే పాఠం, టీచరు చెబితే చాలు' అన్న ఊహ మీద నమ్మకం సడలుతుంది.

ఇక నైతిక విషయాలు. మీ విద్యార్థులు చాలావరకు 18 ఏళ్ల లోపువారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు విద్యార్థి రాతపూర్వక అంగీకారం కూడా కావాలి. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు దూర ఊళ్లలో ఉంటారు కాబట్టి, ప్రిన్సిపాల్ సంతకం సరిపోతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మీరు ప్రశ్నలు అడిగిన రోజున ఎవరో ఒక విద్యార్థి తనకు బతకాలని లేదని చెప్పవచ్చు. ఆ క్షణంలో ఏమి చేయాలన్నది ముందే రాసిపెట్టుకోవాలి: ఆ రోజు అందుబాటులో ఉండే మానసిక వైద్యనిపుణులు ఎవరు, ఇంటివారికి ఎవరు, ఎలా చెబుతారు, ఆ పిల్లవాడిని ఒంటరిగా వదలకుండా ఎవరు తోడుంటారు. గోప్యతకు ఇక్కడ హద్దు ఉంటుందని అంగీకార పత్రంలోనే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ను ప్రతి ప్రశ్నావళి చివర ముద్రించండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. హాస్టల్ పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కనుక, ఎవరి అనుమతీ అడగనక్కర్లేకుండా ఆ నంబరుకు ఏ ఫోన్ నుంచి చేయవచ్చో కూడా యాజమాన్యంతో ముందే తేల్చుకోండి.

మా ఊరితో ముడిపడిన ఒక విషయం కూడా మీకు ఉపయోగపడుతుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల సలహాదారు కనీసం ఒకరు ఉండాలని, మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం సాధ్యమైనంతవరకు మానాలని అందులో ఉంది. మీరు వెళ్లే కళాశాలల్లో ఈ రెండూ ఏ స్థితిలో ఉన్నాయో నమోదు చేసినా, అది ప్రశ్నావళి మార్కుల కంటే విలువైన సమాచారం అవుతుంది.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. చదువుతుంటే నా ప్రణాళికలో సగం కొట్టివేసుకోవలసి వస్తోంది. అందుకు బాధ లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. ప్రశ్నావళి మార్కులు వ్యక్తిగత అభిప్రాయాలే కాబట్టి, లాలాజలంలో కార్టిసాల్ (ఒత్తిడిలో శరీరం విడుదల చేసే హార్మోను) కూడా కొలిస్తే పరిశోధనకు బరువు వస్తుందని మా గైడ్ గారు అంటున్నారు. దాని మంచిచెడ్డలు తెలియజేయగలరు. రెండోది నా మనసులోని ప్రశ్న. కాలపట్టికను, ర్యాంకుల సెక్షన్లను మార్చే అధికారం ఒక పరిశోధక విద్యార్థినికి ఉండదు. మరి వాటి జోలికి పోకుండా పిల్లలకు తట్టుకునే శక్తి నేర్పడమంటే, బరువు తగ్గించకుండా భుజాలు గట్టి చేసుకోమని చెప్పడమేనా? అలాగైతే నేను ఈ పని చేయవచ్చునా?

దూరతీరం (ప్రజారోగ్య పరిశోధకురాలు, టెక్సస్)

కార్టిసాల్ గురించి క్లుప్తంగా చెబుతాను. అది రోజంతా ఒకేలా ఉండదు. నిద్ర లేచిన సుమారు 30 నుంచి 45 నిమిషాలకు శిఖరానికి చేరి, పగలంతా తగ్గుతూ, అర్ధరాత్రికి అడుగుకు చేరుతుంది. కాబట్టి గడియారంలో గంట కంటే, లేచి ఎంతసేపయిందన్నది ముఖ్యం. ఐదింటికి లేచిన పిల్లవాడి నమూనానూ ఏడింటికి లేచిన పిల్లవాడి నమూనానూ ఎనిమిదింటికి తీసి పోల్చితే అర్థం లేదు. తిండి, పళ్లు తోముకోవడం, జ్వరానికీ ఆయాసానికీ వాడే కొన్ని మందులు కూడా అడ్డు వస్తాయి. ఒక్క నమూనాతో ఏమీ తేలదు. ఒక్కొక్కరినుంచి రోజుకు మూడు నాలుగు, అదీ ఒకటికి మించిన రోజుల్లో తీసి, చల్లగా భద్రపరచాలి. ఆ ఖర్చుతో మీరు ఇంకో నాలుగు సెక్షన్లకు వెళ్లవచ్చు. నేనైతే గైడ్ గారికి ఈ లెక్కే వినయంగా చూపిస్తాను.

మీ రెండో ప్రశ్న మీద కొంచెం ఎక్కువ మాట్లాడాలి. తట్టుకునే శక్తి అన్న ఆలోచన మనిషి లోపలి గుణంగా మొదలుకాలేదు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వశాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, ఇంట్లో కలతలు వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో మూడింట ఒక వంతు మంది చక్కగా ఎదిగారు. వారి జీవితాల్లో తరచుగా కనిపించిన వాటిలో ఒకటి, తల్లిదండ్రులు కాకపోయినా తమను మనసారా పట్టించుకున్న పెద్ద మనిషి ఒకరు ఉండటం: ఒక అమ్మమ్మ, ఒక పొరుగావిడ, ఒక మాస్టారు. తర్వాతి కాలంలో ఆరు ప్రశ్నల్లో కొలవడం మొదలుపెట్టాక ఆ అమ్మమ్మా మాస్టారూ కొలమానంలోంచి జారిపోయారు, పిల్లవాడు ఒక్కడే మిగిలాడు.

సామాజిక శాస్త్రవేత్త ఆంటొనోవ్‌స్కీ 1979లో చెప్పినది కూడా మీకు పనికివస్తుంది. నాజీ నిర్బంధ శిబిరాలను అనుభవించి కూడా ఆరోగ్యంగా మిగిలిన కొందరు ఇజ్రాయెల్ మహిళలను చూసి, జబ్బు ఎందుకు వస్తుందని కాక ఆరోగ్యం ఎలా నిలుస్తుందని ఆయన అడిగారు. జరుగుతున్నది అర్థం కావడం, దాన్ని ఎదుర్కొనే వనరులు చేతిలో ఉన్నాయనిపించడం, ఆ శ్రమకు ఒక అర్థం ఉందనిపించడం అన్న మూడూ ఆయన సిద్ధాంతానికి మూలం. ఇంజినీరింగ్ ఎందుకు చదువుతున్నావంటే 'మా నాన్న చేర్పించారు' అనే పిల్లవాడికి మూడోది లేదు. ఎంత శ్వాస అభ్యాసమూ ఆ ఖాళీని పూరించలేదు.

ఆరోగ్య విద్య అంటే వ్యక్తికి పాఠం చెప్పడమేనన్న ఊహను ఆరోగ్య పెంపుదలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సులో వెలువడిన 1986 నాటి ఒట్టావా ప్రకటనే సరిదిద్దింది. అది చెప్పిన ఐదు కార్యరంగాల్లో వ్యక్తిగత నైపుణ్యాలు పెంచడం ఒకటి మాత్రమే. అనుకూలమైన పరిసరాలు కల్పించడం, ప్రజాసముదాయం చొరవను బలపరచడం కూడా అందులో సమానంగా ఉన్నాయి. కాలపట్టికను మార్చే అధికారం మీకు లేదు, నిజమే. కాని కాలపట్టికను రాసిపెట్టే అధికారం ఉంది. ప్రతి సెక్షన్‌లో నిద్ర గంటలు, బోధన గంటలు, వారాంతపు పరీక్షలు, ఇంటికి ఫోన్ చేసుకునే అవకాశాలు ఎన్నో నమోదు చేయండి. పిల్లల మార్కుల్లో తేడా పాఠం వల్ల ఎంత, ఆ గంటల వల్ల ఎంత అన్నది మీ విశ్లేషణలోనే బయటపడుతుంది.

ఓరుగల్లు లెక్కలు

దూరతీరం గారి మాటకు గణాంక సవరణ ఒకటి. గంటల్లో తేడాలు సెక్షన్ స్థాయిలో ఉంటాయి కనుక విద్యార్థి స్థాయినీ సెక్షన్ స్థాయినీ విడివిడిగా లెక్కలోకి తీసుకునే బహుళస్థాయి నమూనా (మల్టీలెవెల్ మోడల్) వాడాలి, సెక్షన్లు ముప్పైకి దగ్గరలో ఉంటే మంచిది. ఒకే కళాశాలలో అన్ని సెక్షన్లకూ ఒకే కాలపట్టిక ఉంటే ఆ ప్రశ్నకు సమాధానం రాదు, కాబట్టి వేర్వేరు కళాశాలలు తప్పవు. గంటలను లాటరీ వేసి పంచలేదు కాబట్టి, అక్కడ కనిపించేది సంబంధమే కాని కారణమని రాయకూడదు.

కొండపల్లి

సాగరతీరం గారి మీద గౌరవంతోనే ఒక మాటకు అభ్యంతరం చెబుతున్నాను. ఉపాధ్యాయులు నడిపితే ఫలితం రాలేదన్న వాక్యం ఒక్కటే బయటికి వెళితే, మా వల్ల ఏమీ కాదన్న అర్థం వస్తుంది. ఆ బడుల్లో ఉపాధ్యాయులకు ఉన్న పాఠాలు, పేపర్లు, హాజరు పనులు తగ్గించకుండా దీన్ని అదనంగా అప్పగించి ఉంటే ఫలితం వేరేగా ఎలా వస్తుంది? నా సెక్షన్‌లో పిల్లలు నాతో మాట్లాడతారు. కాకపోతే వారి ర్యాంకులు గోడకు అంటించేదీ నేనే. మాట్లాడే మనిషి, మార్కులు వేసే మనిషి ఒక్కరే కావడం అసలు ఇబ్బంది అని నాకు తోస్తోంది.

సాగరతీరం

మీ అభ్యంతరం న్యాయమైనది, నా వాక్యం అసంపూర్ణంగా ఉంది. సలహాదారుకు అదే పూర్తికాలపు పని. ఉపాధ్యాయులకు అది ఉన్న పనుల పైన మరొకటి. పక్షాల మధ్య తేడాలో దాని పాత్ర ఎంతో ఉండవచ్చు. కృష్ణాతీరం గారి పరిశోధనలో అధ్యాపకులకు పాఠం చెప్పే పని కాకుండా, కలత చెందిన విద్యార్థిని గుర్తించి సరైనవారి దగ్గరకు చేర్చే పని మాత్రం ఇస్తే బాగుంటుంది.

కృష్ణాతీరం

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, మన్నించాలి. గైడ్ గారితో రెండుసార్లు కూర్చున్నాను. కార్టిసాల్ ఆలోచన విరమించుకున్నాం. ఆ లెక్క చూపగానే ఆవిడే వద్దన్నారు. సెక్షన్ల వారీగా లాటరీ వేస్తున్నాం. పోలిక పక్షానికి కూడా చివరి కొలత అయ్యాక ఇదే కార్యక్రమం అందుతుంది. మొదటి కొలత దసరా సెలవుల తర్వాత, ఆఖరి కొలత సంక్రాంతి సెలవులకు ముందు. మార్చి పరీక్షల నీడ రెండింటి మీదా ఒకే తీరుగా ఉండాలని అలా పెట్టుకున్నాం. స్టడీ అవర్ నుంచి వారానికి ఒక గంట ఇచ్చే కళాశాలలను మాత్రమే తీసుకుంటాం, ఆటల పిరియడ్ ఇస్తామంటే ఒప్పుకోము. దీనివల్ల కొంచెం ఉదారమైన కళాశాలలే నా నమూనాలోకి వస్తాయన్న లోపం ఉంది. దాన్ని వ్యాసంలో దాచకుండా రాస్తాను. కలత చెందిన విద్యార్థి విషయంలో చేయవలసిన పనుల పత్రం మొదట తయారు చేసి, పాఠాలు ఆ తర్వాత రాయడం మొదలుపెట్టాను.

తంగేడుపువ్వు గారు చెప్పిన మెట్టును కూడా మొదలుపెట్టాను. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఇంటర్ పిల్లలను అడగకూడదు కనుక, నిరుడు హాస్టల్లో ఇంటర్ ముగించి ఇప్పుడు నర్సింగ్ మొదటి సంవత్సరంలో ఉన్న, 18 ఏళ్లు నిండిన ముగ్గురు అమ్మాయిలతో వారి ఇష్టప్రకారం మాట్లాడాను. 'తేరుకోవడం' అంటే ఏమనిపిస్తుందని అడిగితే, ఒకరు 'ఏడ్చాక మళ్లీ పుస్తకం తెరవగలగడం' అన్నారు. ఇంకొకరు 'పక్క మంచం అమ్మాయితో చెప్పుకోగలగడం' అన్నారు. మూడో అమ్మాయి కాసేపు ఆలోచించి, 'ఆదివారం ఫోన్లో అమ్మతో ఏడవకుండా మాట్లాడగలగడం' అంది. ఈ మూడో సమాధానం ముందు ఆగిపోయాను. అది తేరుకోవడమా, దాచుకోవడమా?

తంగేడుపువ్వు

ఆ అమ్మాయికి తెలుసు, మనకు తెలియదు. ప్రశ్న మార్చకండి, ఆమెతో మరోసారి మాట్లాడే అవకాశం ఉంటే, ఫోన్ పెట్టేశాక ఏమి చేసేదో అడగండి. గదికి వెళ్లి పక్క మంచం అమ్మాయితో మాట్లాడేదా, దుప్పటి కప్పుకునేదా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. కొలమానంతో పాటు ప్రతి సెక్షన్ నుంచి ఇద్దరు ముగ్గురితో ఇలాంటి సంభాషణ పెట్టుకోండి, ఆరు ప్రశ్నలకు అందనిది అక్కడ దొరుకుతుంది.

కృష్ణాతీరం

ఈ ఉదయం ఆమెనే అడిగాను. వెంటనే గదికి వెళ్లేది కాదట. ఫోన్ల వరుసలో తన వెనుక నిలబడిన అమ్మాయి మాట్లాడటం అయ్యేదాకా అక్కడే ఆగి, ఇద్దరూ కలిసి మెట్లెక్కేవారట. కాలపట్టిక నమోదు పత్రంలో 'ఇంటికి ఫోన్' అన్న వరుస కింద, 'ఒంటరిగానా, తోడుతోనా' అని ఒక గడి చేర్చాను.